బియ్యం పిడికెడు, గిన్నె ఒక్కటే

సాగర్ ఎడమ కాల్వ కింద వానాకాలం వరి కోతలైపోతాయి. వడ్లు మిర్యాలగూడ మిల్లుల బాట పడతాయి. ఇక ఆ ప్రాంతపు చర్చిల్లో కోత పండుగ మొదలవుతుంది. త్రిపురారం వైపు గానీ, కోదాడ వైపు గానీ, ఏ పల్లె చర్చిలో చూసినా తీరు దాదాపు ఒక్కటే. పీట ముందు వడ్ల బస్తా, సొరకాయలు, గుమ్మడికాయ, కాళ్లు కట్టేసిన కోడి, గంపలో గుడ్లు, మడత విప్పని చీర. ప్రార్థన ముగిసిన కాసేపటికే అదే ఆవరణలో వేలం పాట. సంతలో ఇరవై రూపాయలు పలికే సొరకాయ ఇక్కడ రెండొందలకు పోతుంది. తెచ్చినవాళ్లే పాడుకుని, డబ్బు కట్టి, మళ్లీ చర్చికే వదిలేసి పోవడమూ ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు కొందరు ఇది చూసి నొచ్చుకుంటారు. దేవుడి సన్నిధిలో ఈ బేరాలేమిటని వాళ్ల బాధ.

ఆ నొచ్చుకోలులో తేలిగ్గా తీసేయలేని ప్రశ్న ఒకటుంది. ఆరాధన అంటే రోజువారీ బతుకును గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లడమా, ఆ బతుకును చేతులతో మోసుకుని లోపలికి తేవడమా? తెలుగు నేల మీద ఈ ప్రశ్నను అందరికన్నా ఎక్కువ కాలం, ఎక్కువ పట్టుదలతో పట్టుకున్నవారు ఆంగ్లికన్ పాదిరి, తర్వాత బిషప్, వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

అజరయ్య పుట్టింది తెలుగుదేశంలో కాదు. తిరునల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో 1874 ఆగస్టు 17న పుట్టిన తమిళుడు. తండ్రి పల్లెటూరి పాదిరి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, వైఎంసీఏలో పధ్నాలుగేళ్లు పనిచేశారు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సువార్త పని చేయిస్తుండటం చూశారు. వందేళ్లుగా ప్రార్థనలు చేస్తున్న తమ తిరునల్వేలి సంఘాలు ఎవరికీ ఏమీ ఇవ్వకుండా ఎలా ఉండగలిగాయన్న ప్రశ్న అప్పుడే ఆయన్ని పట్టుకుంది. మరుసటి ఏడాదే తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ తన పని కోసం నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను ఎంచుకుంది. ఇతరులను పంపించి తాను మద్రాసులో కూర్చోవడం అజరయ్యకు నచ్చలేదు. ముప్పై ఐదేళ్ల వయసులో, 1909లో గురుదీక్ష తీసుకుని డోర్నకల్ చేరారు. తెలుగు అక్కడే నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. తెలుగు క్రైస్తవులు మాత్రం ఆయన్ని బిషప్ అనలేదు, తండ్రిగారు అన్నారు.

నల్లగొండ, సూర్యాపేట వైపు క్రైస్తవం వచ్చిన దారి వేరని ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడ ముందు అడుగుపెట్టినవారు బాప్టిస్టులు. వాళ్ల తరఫున రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆంగ్లికన్ దారి బందరు, బెజవాడ, ఖమ్మం, డోర్నకల్ మీదుగా సాగింది. కోదాడ నుంచి ఖమ్మం వెళ్లే రోడ్డు మీద ఈ రెండు సంప్రదాయాలూ ఎదురుపడతాయి. బాప్తిస్మం ఏ వయసులో, ఎన్ని నీళ్లతో ఇవ్వాలన్న దాని మీద వాళ్ల మధ్య ఇప్పటికీ వాదన ఉంది. కానీ పల్లెలో ఆరాధన ఎలా బతకాలన్న విషయానికి వచ్చేసరికి అజరయ్య ఆలోచనలు ఆ గోడలు దాటాయి.

ఆ రోజుల పల్లెలను ఊహించుకుంటే తప్ప ఆయన చెప్పిందేమిటో అర్థం కాదు. సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. దొర దగ్గర జీతగాళ్లు, వెట్టివాళ్లు. కూలీ గింజల్లోనే, అప్పూ గింజల్లోనే. తీసుకున్న వడ్లకు నాగు, అంటే గింజల వడ్డీ, కలిపి కట్టాలి. పొద్దు పొడవకముందే పనికి పోయి, పొద్దు కూకినాక తిరిగొచ్చేవాళ్లు. చదువు లేదు. అలాంటి చోటికి ఇంగ్లండులో 1662లో స్థిరపడిన ప్రార్థన పుస్తకం వచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి రోజూ ప్రార్థన జరగాలని ఆ పుస్తకం చెబుతుంది. దాని సొంత దేశంలోనే చాలా చోట్ల వారం మధ్యలో ఆ ప్రార్థన పాదిరి ఒక్కడే చదువుకునే తంతుగా మిగిలింది. డోర్నకల్ పల్లెల్లో అది నిజంగా జనం ప్రార్థన అయింది. రాత్రి కూలీలు తిరిగొచ్చాక ఉపదేశి లాంతరు పెట్టేవాడు. పుస్తకం చదివేవాళ్లు లేరు కాబట్టి విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన వల్లె వేయించేవాడు. ఒక కథ చెప్పేవాడు. ఒక కీర్తన పాడించేవాడు. పాట విషయంలో అజరయ్యకు గట్టి పట్టుంది. తెలుగు కీర్తన, భజన, కోలాటం గుడిలోకి రావాలి. జాతరకు అలవాటు పడ్డ జనానికి క్రైస్తవ జాతర ఉండాలి. కోత పండుగకు ఆయన అంత ప్రాధాన్యం ఇచ్చింది ఇందుకే.

ఇక పిడికెడు బియ్యం. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఇది ఎంత మామూలు విషయమంటే దాని వెనక ఆలోచన ఉందని కూడా ఎవరూ అనుకోరు. వంటకు బియ్యం కొలిచాక, ఎసట్లో పోసే ముందు ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. పొద్దున ఒక పిడికెడు, రాత్రి ఒక పిడికెడు. ఆదివారం ఆ బియ్యం మూటగట్టి చర్చికి తెచ్చి, అందరి బియ్యంతో పాటు ఒకే గంపలో పోస్తుంది. దాన్ని కొలిచి అమ్మితే వచ్చే డబ్బు పాదిరి జీతానికో, బడికో పోతుంది. అజరయ్య ఈ పద్ధతిని ఊరూరా చెప్పారు. క్రైస్తవ దానం మీద ఆయన రాసిన పుస్తకం తర్వాత అనేక భాషల్లోకి వెళ్లింది.

దీన్ని నిధుల సేకరణగా చూస్తే సగమే చూసినట్టు. గింజల కోసం జీవితాంతం చెయ్యి చాచిన మనిషి, వారానికి ఒకసారి ఇచ్చేవాడిగా నిలబడటం ఇందులోని అసలు సంగతి. ఊళ్లో అతనికి ఆ స్థానం ఎప్పుడూ లేదు. పెళ్లికీ పండుగకీ అతను తీసుకునేవాడే, అదీ దూరంగా నిలబడి. చర్చి గంపలో మాత్రం అతని బియ్యం ఎవరి బియ్యమో వేరు చేయడానికి వీల్లేకుండా కలిసిపోతుంది. పైగా ఇది మొక్కు కాదు. కొడుకు జ్వరం తగ్గితే ఇస్తానన్నది కాదు, తగ్గకపోయినా ఇచ్చేది. పంట బాగున్న ఏడూ పిడికెడే, పండని ఏడూ పిడికెడే. రోజుకు రెండుసార్లు, ఎవరూ చూడని వంటింట్లో, దేవుణ్ణి ఒక లెక్కలోకి తీసుకుని చేసే పని. ఆదివారం గుడిలో జరిగే ఆరాధన సోమవారం నుంచి శనివారం దాకా ఆ కుండ దగ్గరే జరుగుతోందని చెప్పాలి.

అజరయ్య తన పల్లెలను పట్టి పీడిస్తున్నవి నాలుగు దయ్యాలనేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. వాటి కోసం బడులు పెట్టించారు, ఆసుపత్రులు నడిపించారు, సహకార సంఘాలు కట్టించారు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ డోర్నకల్‌లో ఆడపిల్లల చదువు కోసం, పాదిరుల భార్యల శిక్షణ కోసం పనిచేశారు. ఈ జాబితాలో మురికి, తాగుడు ఉండటం ఇవాళ చదివేవాళ్లను ఇబ్బంది పెడుతుంది. పెట్టాలి కూడా. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనిషికి శుభ్రత గురించి చెప్పడం, రెక్కలు విరిగేలా పని చేసినవాడికి కల్లు మానమనడం, ఆ స్థితికి కారకులైనవాళ్లను వదిలేసి బాధితుణ్ణి దిద్దడమే అవుతుంది. నిజాం రాజ్యంలో వెట్టి మీద పోరాటం కమ్యూనిస్టుల నాయకత్వంలో 1946 నాటికి సాయుధమైంది. చర్చి ఆ పోరాటంలో లేదు. అయితే అప్పును ఆ జాబితాలో చేర్చినందుకు మాత్రం అజరయ్యను మెచ్చుకోవాలి. ప్రార్థన చేసే మనిషి చేతిలో ఎవరి నోటు ఉంది, ఎవరి గింజలు ఉన్నాయి అన్నది పాదిరికి సంబంధించిన విషయమేనని ఆయన అన్నారు. చాలామంది మతాచార్యులు ఆ ప్రశ్న దగ్గరికి కూడా రారు.

సరిగ్గా ఇక్కడే గాంధీజీకీ ఆయనకూ తగువు వచ్చింది. 1930ల్లో, బిషప్‌గా ఆయన కిందున్న డోర్నకల్ మేత్రాసనంలో సభ్యులు రెండు లక్షలు దాటారు. మాల మాదిగలే కాదు, వాళ్ల బతుకులో వచ్చిన మార్పు చూసి శూద్ర కులాల కుటుంబాలు కూడా వేల సంఖ్యలో చేరుతున్న కాలం అది. గాంధీ తన ‘హరిజన్’ పత్రికలో ఇలాంటి సామూహిక మతమార్పిడులను గట్టిగా తప్పుపట్టారు. బడి కోసమో మందు కోసమో గౌరవం కోసమో మారడం విశ్వాసం ఎలా అవుతుందని ఆయన వాదం. అజరయ్య జాతీయవాదే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించినవారు. మతమార్పిడి హక్కు దగ్గర మాత్రం వెనక్కి తగ్గలేదు. సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ 2000లో వెలువరించిన అజరయ్య జీవిత చరిత్రకు ‘మహాత్ముడి నీడలో’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడానికి కారణం ఈ ఘర్షణే.

ఆకలితో వచ్చినవాడి భక్తి అబద్ధమా? ఈ ప్రశ్నకు గాంధీ వైపు నుంచి చూస్తే ఒక నిజం కనిపిస్తుంది. అన్నం చూపించి ఆత్మను కొనడం పాపమే. కానీ తిండి, గౌరవం, దేవుడు అని మూడు గదులు కట్టి, వాటి మధ్య తలుపులు మూసుకోగలిగేది కడుపు నిండినవాళ్లే. ఊళ్లో కూర్చోనివ్వని మనిషిని, నువ్వు దేవుడి పోలికలో పుట్టావని చెప్పి పక్కన కూర్చోబెట్టుకుంటే, అతను వెతుక్కుంటూ వచ్చింది గౌరవమా దేవుడా అని విడదీసి అడగడం అన్యాయం. 1933లో మెథడిస్టు మిషనరీ జె. వాస్కం పికెట్ దేశంలోని సామూహిక మార్పిడులను క్షేత్ర స్థాయిలో పరిశీలించి ఒక పుస్తకం తెచ్చారు. మనుషులు ఏ కారణంతో చేరారన్న దానికన్నా, చేరాక వాళ్లకు అందిన బోధ, క్రమం తప్పని ఆరాధనే వాళ్ల తర్వాతి జీవితాన్ని తీర్చాయని ఆయన తేల్చారు. లాంతరు వెలుగులో ఉపదేశి వల్లె వేయించిన ఆ రాత్రి ప్రార్థనలను దీనితో కలిపి చూడాలి.

డోర్నకల్‌లో రైలు దిగినవాళ్లు ఎపిఫనీ కెథడ్రల్ చూసి రావాలి. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. పాతికేళ్ల కల అది. గోతిక్ శిఖరం, రంగు అద్దాల కిటికీలు ఆశించి వెళ్తే నిరాశే. మసీదు మినార్లను తలపించే బురుజులు, గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, చెక్కిన తామరలు కనిపిస్తాయి. ఇక్కడి జనానికి దేవుడి ఇల్లు ఇక్కడి ఇల్లులాగే ఉండాలని బిషప్ కోరిక. మెదక్ కెథడ్రల్ అందం వేరు, దాని పేరుప్రతిష్ఠలు వేరు. ఈ వ్యాస విషయానికి మాత్రం డోర్నకలే సరైన సాక్ష్యం.

అయినా అజరయ్య ఆలోచన రాతిలో కన్నా గిన్నెలో ఎక్కువ కనిపిస్తుంది.

ఆంగ్లికన్ పద్ధతిలో ప్రభు భోజనానికి గిన్నె ఒక్కటే. ముందుకొచ్చి మోకరించినవాళ్ల పెదవులకు పాదిరి వరసగా అందిస్తాడు. ఒకరు తాగాక అంచు తుడిచి, కాస్త తిప్పి, పక్కవారికి. ఇంగ్లండులో ఇది మామూలు విషయం. తెలుగు పల్లెలో మాత్రం ఇది మామూలు విషయం కాదు. ఎంగిలి పట్టింపు ఉన్న చోట, ఎవరి ముంత ఎవరు ముట్టుకోవాలో పుట్టుకతో తేలిపోయే చోట, మాదిగ తాగిన గిన్నెలో మాల, మాల తాగిన గిన్నెలో రెడ్డి తాగాలి. మాల మాదిగల మధ్యే కంచం పొత్తు, మంచం పొత్తు లేని కాలమది. ఒకే ఊళ్లో రెండు వాడలకు రెండు ప్రార్థన స్థలాలు కావాలన్న గొడవలు డోర్నకల్ మేత్రాసనంలోనూ వచ్చాయి. గిన్నె దగ్గర రాజీ పడటానికి అజరయ్య ఒప్పుకోలేదు. ఎన్ని ప్రసంగాలు చేసినా తెగని ముడి ఒక గుటకతో తెగాలి, తెగకపోతే ఆ భోజనం ప్రభువుది కాదు. చాలా ఏళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం మీద విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ముందుకు కూడా హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి సంగతి వచ్చింది. బజారులో రెండు గ్లాసులు నడిచిన కాలమంతా చర్చిలో ఒక గిన్నె నడిచింది. అది చిన్న విషయం కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు ప్రపంచమంతటా ఆంగ్లికన్ సంఘాలు ఉమ్మడి గిన్నెను ఆపేశాయి. ఆపాల్సిందే. అయితే అంతకు ముందు నుంచే మన పట్టణ సంఘాలు చాలావాటిలో ఒక్కొక్కరికీ ఒక చిన్న గ్లాసు పద్ధతి ఆరోగ్యం పేరుతో వచ్చి కూర్చుంది. ఆరోగ్యం ముఖ్యమే. కానీ ఈ నేల మీద ఉమ్మడి గిన్నె వదులుకునేటప్పుడు దానితో పాటు ఏం పోతోందో సంఘ పెద్దలు ఒక్క పూట కూర్చుని మాట్లాడుకున్న దాఖలా కనిపించదు. రొట్టెను ఒకే గిన్నెలో ముంచి అందించే పద్ధతి కూడా ఉంది కదా. అదైనా నిలబెట్టుకోవచ్చు.

తాకడం గురించి మరొక్క మాట. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య తెల్ల మిషనరీల ముందు నిలబడి ఒక కఠిన సత్యం చెప్పారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు స్నేహం ఇవ్వండి అన్నది దాని సారం. కరచాలనం, కుర్చీ, ఇంట్లో భోజనం లాంటివాటి గురించి ఆయన పేరుపెట్టి మాట్లాడారు. అవి మర్యాదల కోసం కావాలనలేదు, స్నేహానికి గుర్తులైతే కావాలన్నారు. సభలో చాలామందికి కోపం వచ్చింది. ఆయన 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన 1919 ట్రాంకిబార్ సమావేశం నుంచి పాటుపడ్డ సంఘ ఐక్యత 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘంగా మద్రాసులో రూపం దాల్చింది. ఆ కొత్త సంఘం 1950లో తెచ్చిన ప్రభు భోజన క్రమంలో, కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న ఒక చర్య ఉంది. సమాధానం చెప్పుకోవడం. ఇచ్చేవారు తమ కుడి అరచేతిని పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆనిస్తారు. ఇద్దరూ ఎడమ చేతులను ఎదుటివారి కుడిచేతి మీద మూస్తారు. అది బల్ల దగ్గర మొదలై వరస వెంట వరసగా చివరి చాప దాకా వెళ్తుంది. సిద్ధాంతాల పుస్తకాలు చదవని కూలీకి సమానత్వం ఏమిటో ఆ అరచేయి చెబుతుంది.

ఆ అరచేయి పెళ్లి దాకా రాలేదు. ఇది ఒప్పుకోక తప్పదు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చర్చిలో చదివి, అభ్యంతరాలు ఉంటే చెప్పమనడం ఆంగ్లికన్ల నుంచి వచ్చిన ఆచారం. ఆ ప్రకటనలో కులం ఉండదు. కానీ ఇంటిపేరు వినగానే కూర్చున్నవాళ్లు లెక్క వేసేస్తారు. క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు అని నిస్సంకోచంగా అచ్చవుతుంది. సంఘాల ఎన్నికల్లో ఓట్లు ఎలా పడతాయో లోపలివాళ్లకు తెలుసు. అజరయ్య మొదలుపెట్టిన పని సగంలో ఆగిందనడం కన్నా, సులువైన సగం పూర్తయి కష్టమైన సగం మిగిలిందనడం న్యాయం.

కష్టమైన సగానికి చట్టం మరో బరువు చేర్చింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రధానంగా హిందువులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారికీ వాళ్ల పిల్లలకూ బీసీ-సీ కింద ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. ఈ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. మతం మారినా వాడ మారదు, ఇంటిపేరు మారదు, ఊళ్లో చూసే చూపు మారదు. అయినా చట్టం దృష్టిలో బాప్తిస్మం నీళ్లతో కులం కొట్టుకుపోతుంది. దానితో చాలా కుటుంబాలు బడి రికార్డులో ఒక పేరుతో, చర్చి రిజిస్టరులో మరో పేరుతో బతుకుతున్నాయి. వాళ్లను అవకాశవాదులనడం తేలిక. అమ్మాయికి ఇంజినీరింగ్ సీటు, అబ్బాయికి గురుకులంలో చోటు ఆ ఒక్క కాగితం మీద ఆధారపడి ఉన్నాయని తెలిసినవాళ్లు అంత తేలిగ్గా అనలేరు.

అజరయ్య బాప్తిస్మం ఇచ్చేటప్పుడు కొత్త విశ్వాసులను తమ తల మీద తామే చెయ్యి పెట్టుకోమనేవారు. తాము బాప్తిస్మం పొందినవాళ్లమని, సువార్త చెప్పకుంటే తమకు శ్రమ తప్పదని నోటితో పలికించేవారు. దాచుకోని విశ్వాసం ఆయన కోరింది. ఇవాళ ఆ మాటే దరఖాస్తు ఫారంలో రాస్తే కోటా పోతుంది. అలాంటి ఇంటికి ప్రార్థనకు వెళ్లిన పాదిరి అబద్ధం ఆడండి అని చెప్పలేడు, పిల్ల చదువు పోయినా ఫరవాలేదనీ చెప్పలేడు. అతను ఒంటరిగా తేల్చాల్సిన విషయం కాదిది. నిజం రాసినందుకు సీటో స్కాలర్‌షిప్పో పోగొట్టుకున్న పిల్లల ఫీజులు సంఘం కట్టాలి. పిడికెడు బియ్యంతో పాదిరి జీతాలు ఇచ్చిన సంఘాలకు, బడులు కట్టిన సంఘాలకు ఇది కొత్త పని కాదు. పల్లె చర్చికి ఆ స్తోమత ఉండకపోవచ్చు. పట్టణాల్లో భూములు, కాలేజీలు, ఆసుపత్రులు ఉన్న మేత్రాసనాలకు ఉంది. ఏటా వేసే బడ్జెట్‌లో దానికొక పద్దు పెట్టమని కోత పండుగకు వడ్ల బస్తా తెచ్చిన రైతుకూలీ అడగవచ్చు, అడగాలి కూడా.